గుమ్మానికి పుల్‌అప్ బార్: కొనే ముందు ద్వారబంధాన్ని చూడండి

ఒడిశాలోని బరంపురంలో, ఛత్రపురంలో, పర్లాకిమిడిలో సైన్యంలో చేరాలని తెల్లవారుజామునే పరుగుకు బయలుదేరే కుర్రాళ్లు కనిపిస్తూనే ఉంటారు. పరుగుకు రోడ్డు చాలు. చిక్కంతా బీమ్ దగ్గర, అంటే చేతులతో వేలాడి గడ్డం పైకి వచ్చేలా ఒంటిని లాగే (పుల్‌అప్ తీసే) అడ్డ కడ్డీ దగ్గర వస్తుంది. సైన్యంలో చేర్చుకునే అగ్నివీర్ జనరల్ డ్యూటీ ర్యాలీలో బీమ్ మీద 10 పుల్‌అప్‌లు తీస్తే 40 మార్కులు, 9కి 33, 8కి 27, 7కి 21, 6కి 16. ఆరు కూడా రాకపోతే అక్కడితో ఆగిపోవాలి. తొమ్మిది నుంచి పదికి వెళ్తే ఏడు మార్కులు కలుస్తాయి. ఆ ఒక్కటి రావాలంటే వారానికోసారి మైదానంలో వరుసలో నిలబడి చేసే సాధన సరిపోదు. ఇంట్లో, గుమ్మం దాటిన ప్రతిసారీ చేతికి అందేలా ఒక బార్ ఉండాలి. ర్యాలీతో పని లేకుండా, కూర్చుని చేసే ఉద్యోగంతో భుజాలు ముందుకు వంగిపోయినవారికీ ఇంతకన్నా తక్కువ చోటు పట్టే సాధనం లేదు.

అయితే చాలామంది ముందు బార్ కొంటారు, తర్వాత అది ఏ గుమ్మానికి పడుతుందో చూస్తారు. చేయాల్సింది దీనికి తలకిందులు. మూడేళ్ల కిందట మా మేనల్లుడు ఇంట్లో బార్ మీద నుంచి పడ్డాడు. పండగకు ద్వారబంధానికి కొత్తగా ఎనామిల్ రంగు వేయించారు. రంగు చెడుతుందని బార్ రెండు చివర్లకీ పాత చీర గుడ్డ మడిచి పెట్టారు. నాలుగో పుల్‌అప్‌లో కుడి చివర జారింది. కింద గడప ఉంది, నడుము కింది ఎముక సరిగ్గా దాని అంచుకు తగిలింది. ఆరు వారాలు నిటారుగా కూర్చోలేకపోయాడు, ఆ ఏడాది ర్యాలీ తప్పిపోయింది. బార్‌లో లోపం ఏమీ లేదు. గుమ్మం, రంగు, గుడ్డ, గడప, ఈ నాలుగింటినీ ముందుగా ఎవరూ ఆలోచించలేదు. అందుకే ఈ వివరాలన్నీ రాస్తున్నాను.

మొదట గుమ్మాన్ని ఎంచుకోండి

సింహద్వారాన్ని వదిలేయండి. పసుపు రాసి తోరణం కట్టే గుమ్మానికి వేలాడటం ఇంట్లో పెద్దలకు ఎలాగూ నచ్చదు. అంతకన్నా పెద్ద కారణం గడప. పుల్‌అప్ ముగించి దిగేటప్పుడు చేతులు అలసి ఉంటాయి, చూపు కిందికి ఉండదు. మడమ సగం గడప మీద, సగం నేల మీద పడితే చీలమండ మెలిపడుతుంది. కాబట్టి గడప లేని గుమ్మం, అంటే లోపలి గదుల మధ్య గుమ్మం చూడండి.

వంటింటి గుమ్మమూ వద్దు. వేడి గిన్నెలతో మనుషులు తిరిగే చోటు అది. స్నానాల గది గుమ్మం సాధారణంగా రెండున్నర అడుగులే ఉంటుంది, మోచేతులు ద్వారబంధానికి ఒరుసుకుంటాయి. పైగా ఈ మధ్య ఆ గదులకు ప్లాస్టిక్‌తో గానీ, ప్లాస్టిక్‌లో కర్ర పొడి కలిపి గానీ చేసిన ద్వారబంధాలు వేస్తున్నారు, అవి మనిషి బరువుకు చేసినవి కావు.

మిగిలేది పడకగది గుమ్మం. అక్కడ తలుపు ఎటు తెరుచుకుంటుందో చూడండి. మీరు వేలాడుతుండగా అవతలి నుంచి ఎవరైనా తలుపు తోస్తే మీ వెన్నుకు తగలకూడదు. తలుపును పూర్తిగా వెనక్కి తెరిచి గోడకు ఆనించి కొక్కెం పెట్టే వీలుంటే ఆ గుమ్మం మంచిది. వెనక మూడడుగుల ఖాళీ కూడా కావాలి. మన గుమ్మాల ఎత్తుకు మోకాళ్లు మడిచి వేలాడక తప్పదు, అప్పుడు పాదాలు వెనక్కి వెళ్తాయి.

పాత వీధుల్లో ఇంటికీ ఇంటికీ ఒకే గోడ ఉండే పొడవాటి ఇళ్లలో లోపలి గుమ్మాలు తల వంచి దాటాల్సినంత ఎత్తులో ఉంటాయి. మీ ఇల్లు అలాంటిదైతే గుమ్మం బార్ ఆలోచన మానుకుని, చివర రాసిన పెరటి బీమ్ సంగతి చదవండి.

ద్వారబంధం దేనితో చేసిందో తెలుసుకోండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే.

కర్ర ద్వారబంధమైతే, టేకైనా సాల కర్రైనా, గట్టిగా ఉన్నంతవరకు భయం లేదు. మన తీరం వైపు ఇళ్లలో అసలు శత్రువు చెదలు. చెదలు కర్రను లోపలి నుంచి తింటాయి, పైన రంగు పొర మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో నేల దగ్గర మొదలుపెట్టి జానెడుకొక చోట తట్టుకుంటూ పైకి వెళ్లండి. గట్టి కర్ర టక్కుమని పొట్టిగా మోగుతుంది. తిన్న కర్ర డొల్లగా, కొంచెం ఆలస్యంగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట స్క్రూడ్రైవర్ మొనతో నొక్కండి. మొన సులువుగా దిగబడితే ఆ గుమ్మం సంగతి మరిచిపోండి. గోడకూ కర్రకూ మధ్య సన్నని మట్టి గీత పైకి పాకి ఉన్నా అంతే. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుపాన్లకు వాన నీరు దిగిన గోడలున్న ఇళ్లలో ఈ పరీక్ష ఇంకా జాగ్రత్తగా చేయండి. తడిసి ఆరిన కర్ర దగ్గరకే చెదలు ముందుగా చేరతాయి.

కర్ర బాగుంటే సరిపోదు, అది గోడను పట్టుకుని ఉండాలి. ద్వారబంధాన్ని గోడలోకి హోల్డ్‌ఫాస్టులనే ఇనుప పట్టీలతో బిగిస్తారు. అరచేతితో నిలువు కర్రను బయటి వైపుకు గట్టిగా నాలుగు సార్లు తోయండి. కర్రకూ గోడ పూతకూ మధ్య ఉన్న సందును వేలితో తాకుతూ ఉండండి. సందు కదిలినట్టు తెలిసినా, సున్నం పొడి రాలినా లోపల పట్టు వదిలిందని అర్థం. ముందు తాపీమేస్త్రిని పిలిచి సిమెంటు పోయించండి, బార్ తర్వాత.

సిమెంటు ద్వారబంధాలు చూడటానికి అన్నిటికన్నా గట్టివిగా కనిపిస్తాయి, కానీ బయటికి తోసే బలానికి అవి మంచివి కావు. అచ్చులో పోసిన సన్నని కాంక్రీటు పైనుంచి పడే బరువును మోస్తుంది, పక్క నుంచి నెట్టితే పగులుతుంది. రెండు పక్కలనూ నెట్టి నిలబడే బార్ (కింద చెప్పే రెండో రకం) వాటికి పెట్టకండి. రేకు మడిచి చేసిన ఇనుప ద్వారబంధాన్ని తట్టి చూడండి. డబ్బాలా మోగితే లోపల కాంక్రీటు నింపలేదు, బార్ నొక్కిన చోట సొట్ట పడుతుంది. నింపి ఉంటే వాడుకోవచ్చు.

టేపుతో కొలవండి, కాగితం మీద రాయండి

కొలవాల్సింది ద్వారబంధం లోపలి వెడల్పు. వడ్రంగి మూడడుగుల గుమ్మం అన్నప్పుడు చాలాసార్లు బయటి కొలత చెబుతాడు. లోపల మిగిలేది 31, 32 అంగుళాలే కావచ్చు. బార్ పెట్టబోయే ఎత్తులోనూ, దానికి ఒక జానెడు పైనా కిందా కొలవండి. మూడు కొలతల్లో పావు అంగుళానికి మించి తేడా ఉంటే నిలువు కర్రలు వాలి ఉన్నాయి. వాలిన కర్ర మీద బార్ చివర ఒక అంచు మాత్రమే ఆనుతుంది.

తర్వాత చాలామంది మరిచిపోయే కొలత. మన ద్వారబంధాలకు తలుపు కూర్చోవడానికి లోపలి వైపు గాడి ఉంటుంది. దోమల జాలీ తలుపు కూడా ఉంటే రెండో వైపు మరో గాడి. ఆ గాడులు పోగా చదునుగా మిగిలే ముఖం ఎంతో కొలవండి. నాలుగంగుళాల కర్రలో ఒక్కోసారి మూడు కూడా మిగలదు. బార్ చివరి రబ్బరు బిళ్ల మొత్తం ఆ చదును ముఖం మీదే కూర్చోవాలి. సగం గాడిలోకి వేలాడితే ఎంత బిగించినా జారుతుంది.

ఇక ఎత్తు. బార్‌ను పై కర్రకు ఆనించి పెట్టకూడదు, గడ్డం బార్ పైకి వచ్చినప్పుడు తలకు చోటు కావాలి. పై కర్ర నుంచి కనీసం పది, పన్నెండు అంగుళాలు కిందికి రండి. ఏడడుగుల గుమ్మంలో బార్ ఆరడుగుల దగ్గర కూర్చుంటుంది. అంతకన్నా తక్కువ ఎత్తుకు వస్తే సాధన నేర్చుకోవడం కష్టమవుతుంది.

ఇప్పుడు బార్ రకం

బజారులో దొరికేవి ముఖ్యంగా మూడు.

ఒకటి, గుమ్మం పైన తగిలించేది. మరలు, రంధ్రాలు అక్కర్లేదు, తీసి మంచం కింద పెట్టేయవచ్చు. బొమ్మలో చాలా బాగుంటుంది. మన ఇళ్లకు దాదాపుగా పనికిరాదు. అమెరికాలో, ఐరోపాలో చెక్క ఇళ్ల గుమ్మాలకు చుట్టూ గోడ మీదికి పొడుచుకు వచ్చేలా వెడల్పాటి చెక్క పట్టీ కొడతారు. ఈ బార్ వెనక కొక్కెం ఆ పట్టీ పై అంచు మీద కూర్చుంటుంది, ముందు చేతులు ఇవతలి గోడకు ఆనుకుంటాయి, మీ బరువే దాన్ని బిగిస్తుంది. మన ద్వారబంధం గోడతో సమానంగా పూతలో కలిసిపోయి ఉంటుంది, కొక్కేనికి కూర్చునే అంచు లేదు. మీ ఇంట్లో అలాంటి పట్టీ ఉన్నా, అది అలంకారానికి చిన్న మేకులతో కొట్టిందా అని వడ్రంగిని అడగండి. గోడ మందం కూడా చూడాలి. తొమ్మిదంగుళాల ఇటుక గోడకు పూత కలిస్తే పదంగుళాలు దాటుతుంది, ఈ బార్లు సాధారణంగా అంత మందానికి సరిపోవు.

రెండోది, రెండు నిలువు కర్రల మధ్య పెట్టి తిప్పి బిగించేది. అందరూ కొనేది ఇదే, కింద పడేదీ ఎక్కువగా ఇదే. ఇది కేవలం రాపిడి మీద నిలబడుతుంది. లెక్క చూడండి. మీ బరువు 70 కిలోలైతే ఒక్కో చివర 35 కిలోలు మోయాలి. రబ్బరుకూ కర్రకూ మధ్య రాపిడి, నెట్టే బలంలో సగం ఉందనుకుందాం. ఆ 35 కిలోలు జారకుండా ఉండాలంటే బార్ ఒక్కో కర్రను 70 కిలోల బలంతో నెడుతూ ఉండాలి. నున్నని ఎనామిల్ మీద ఆ రాపిడి సగానికి పడిపోతే 140 కిలోల నెట్టుడు కావాలి. ఇదంతా కదలకుండా వేలాడినప్పటి మాట. ఊగినా, కుదుపుతో లేచినా భారం ఇంకా పెరుగుతుంది. మా మేనల్లుడి గుడ్డ మడత చేసిన పని ఇదే, ఉన్న కాస్త రాపిడినీ తీసేసింది. బార్‌కూ కర్రకూ మధ్య గుడ్డ, కాగితం, అట్ట ఏదీ పెట్టకండి.

ఈ రకంలోనే, చివర్లు కూర్చోవడానికి ఇనుప గిన్నెల్లాంటి బిళ్లలు ఇచ్చి, వాటిని కర్రకు స్క్రూలతో బిగించమనేవి ఉన్నాయి. నా సలహా ఇదే: సొంత ఇల్లు, గట్టి కర్ర ద్వారబంధం ఉంటే స్క్రూ బిళ్లలున్న బార్ తప్ప మరోటి కొనకండి. అప్పుడు బరువును మోసేది రాపిడి కాదు, బిళ్ల అంచు, స్క్రూలు. అద్దె ఇల్లైతే యజమానిని అడగండి. ఒక్కో వైపు మూడు నాలుగు చిన్న రంధ్రాలు, ఖాళీ చేసేటప్పుడు పుట్టీతో పూడ్చి రంగు వేయిస్తామంటే చాలామంది కాదనరు.

మూడోది గోడకు గానీ స్లాబుకు గానీ ఫాస్టెనర్లతో, అంటే రంధ్రంలో విచ్చుకుని పట్టుకునే బోల్టులతో బిగించేది. అన్నిటికన్నా నమ్మకమైనది, గోడ మంచిదైతేనే. గోడ నుంచి బార్ 50 సెంటీమీటర్లు ముందుకు ఉండి, పై ఫాస్టెనర్లకూ కింది ఫాస్టెనర్లకూ మధ్య 25 సెంటీమీటర్లు ఉంటే, 70 కిలోల మనిషి వేలాడినప్పుడు పై ఫాస్టెనర్లను గోడలోంచి లాగే బలం 140 కిలోలు. నాలుగున్నర అంగుళాల అడ్డుగోడలో దీన్ని పెట్టకూడదు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ గానీ, కాంక్రీటు బీమ్ గానీ కావాలి. గంజాం పల్లెల్లో లేటరైట్ అనే ఎర్రరాయి గోడలున్నవారు మరింత జాగ్రత్త పడాలి. ఆ రాయి నిండా చిల్లులే, ఫాస్టెనర్ విచ్చుకున్నా పట్టు దొరకదు. గోడ అవతలి వరకు బోల్టు దూర్చి, అటు వైపు ఇనుప పలక పెట్టి నట్టు బిగించాలి. రంధ్రం వేసే ముందు స్విచ్‌బోర్డు ఎక్కడుందో చూడండి. మన ఇళ్లలో అది గుమ్మం పక్కనే ఉంటుంది, వైర్లు దాని పైనుంచే గోడలో దిగుతాయి. ఆ వరుసలో డ్రిల్లింగ్ వద్దు.

కొనేటప్పుడు

పెట్టె మీద 150 కిలోలు, 300 కిలోలు అని ఉంటుంది. అది పైపు సంగతి కావచ్చు గానీ మీ గుమ్మం సంగతి కాదు. దాన్ని చూసి నిర్ణయించకండి.

మీ కొలత బార్ సాగే పరిధిలో మధ్యకు రావాలి. 80 సెంటీమీటర్ల గుమ్మానికి 82 వరకే సాగేది కొంటే లోపలి మర దాదాపు బయటికి వచ్చేస్తుంది, వంగేది అక్కడే. తిప్పి బిగించే బార్‌లో తాళం లాంటి ఏర్పాటు ఉందా అని చూడండి. లేకపోతే లాగుతున్నప్పుడు మణికట్టు మెలికతో పైపు తిరిగి మెల్లగా వదులవుతుంది. పైపు చేతిలో నిండుగా ఉండాలి, 28 నుంచి 33 మిల్లీమీటర్ల మధ్య చాలామందికి సరిపోతుంది. మెత్తని ఫోమ్ తొడుగు చూసి మోసపోకండి. చెమటకు అది నాని పైపు మీద తిరగడం మొదలుపెడుతుంది. పైగా ర్యాలీ మైదానంలో ఉండేది ఒట్టి ఇనుము. ఫోమ్ తీసేసి సాధన చేస్తే అరచేతులూ సిద్ధమవుతాయి. గోపాల్‌పూర్ వైపు ఉప్పు గాలి తగిలే ఇళ్లవాళ్లు స్క్రూలు మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలువే విడిగా కొనుక్కోండి.

బిగించడం

ద్వారబంధానికి రెండు వైపులా నేల నుంచి ఒకే ఎత్తు కొలిచి పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. నేల వాటం ఉంటే ఈ కొలత మోసం చేస్తుంది, కాబట్టి బార్ పెట్టాక దాని మీద రసమట్టం ఉంచి చూడండి. బుడగ మధ్యలో నిలవాలి. మీ దగ్గర లేకపోతే ఏ మేస్త్రినైనా అడిగితే అరగంటకు ఇస్తాడు.

స్క్రూ బిళ్లలకు ముందు సన్నని రంధ్రం వేయక తప్పదు. పాత సాల కర్ర ఇనుములా ఉంటుంది. రంధ్రం లేకుండా స్క్రూ దింపితే కర్ర చీలుతుంది, లేదంటే స్క్రూ తల తెగి చేతికొస్తుంది. స్క్రూ మర లోపలి కాడ ఎంత లావుందో అంత రంధ్రం చాలు. స్క్రూను కొవ్వొత్తికి రెండు సార్లు రుద్ది అప్పుడు బిగించండి, ఎంత తేలిగ్గా దిగుతుందో మీకే తెలుస్తుంది. రెండంగుళాల స్క్రూలు వాడండి. జిప్సం పలకలకు వాడే నల్ల స్క్రూలు వద్దు. అవి పెళుసు, అడ్డంగా బరువు పడితే పుటుక్కున తెగుతాయి.

అయ్యాక రబ్బరు బిళ్ల చుట్టూ కర్ర మీద పెన్సిల్‌తో సన్నని గీత గీయండి. బార్ మీదా కర్ర మీదా కలిసేలా ఇంకో చిన్న అడ్డ గీత పెట్టండి. మొదటి రోజు రెండు పాదాలూ నేల మీదే ఉంచి, మోకాళ్లు వంచుతూ కొద్దికొద్దిగా బరువు వేయండి. తర్వాత ఒక పాదం తీయండి. తర్వాత రెండూ తీసి, నేలకు నాలుగంగుళాల ఎత్తులోనే అర నిమిషం వేలాడండి. దిగి గీతలు చూడండి. వెంట్రుకవాసి జరిగినా ఆ రోజు పుల్‌అప్ లేదు, మళ్లీ బిగించడమే. ప్రతి రోజూ చేయి వేసే ముందు ఆ గీతల మీద ఒక చూపు వేయడం అలవాటు చేసుకోండి.

కింద పరుపు వేయకండి, దాని అంచు మీద కాలు మెలిపడుతుంది. నేల ఖాళీగా, పొడిగా ఉంటే చాలు. ఊగుతూ చేసే పుల్‌అప్‌లు, తలకిందులుగా వేలాడటం గుమ్మం బార్ మీద ఎప్పుడూ వద్దు. ఒక్కటి కూడా తీయలేనివారు స్టూలు మీద నుంచి గడ్డం బార్ పైకి తెచ్చుకుని, ఐదు లెక్కపెడుతూ మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టండి. బలం అలా దిగడంలోనే ముందుగా వస్తుంది.

కర్ర వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. శ్రావణంలో బిగించిన బార్ ఫాల్గుణం నాటికి వదులై ఉంటుంది, మీరు ఏమీ చేయకపోయినా. స్క్రూలు లేని బార్ అయితే ఎండలు మొదలవగానే తీసి మళ్లీ కొత్తగా బిగించండి. ఇంట్లో చిన్న పిల్లలుంటే సాధన కాగానే బార్ తీసేయండి, మీరు చేసింది చూసి స్టూలు ఎక్కి వాళ్లూ వేలాడతారు.

గుమ్మం ఏదీ కుదరకపోతే

రేకుల ఇల్లైనా, తక్కువ ఎత్తు గుమ్మాలైనా, చెదలు తిన్న ద్వారబంధాలైనా దిగులు పడకండి. పెరట్లో రెండు ఇనుప స్తంభాలు, వాటి మధ్య నాలుగడుగుల జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప పైపు), ఇంతకన్నా మంచి బీమ్ లేదు. అంగుళం పైపు అడగండి, దాని బయటి కొలత దాదాపు 33 మిల్లీమీటర్లు, చేతికి సరిగ్గా సరిపోతుంది. పైపు మీద రంగు పట్టీ చూడండి. పసుపు పట్టీ పలచన, నీలం మధ్యరకం, ఎరుపు మందం. పసుపుది తీసుకోకండి, నాలుగడుగుల పొడవులో వంగవచ్చు. ఎరుపు దొరికితే అదే తీసుకోండి. స్తంభాలను రెండడుగుల లోతు గోతిలో కాంక్రీటు పోసి నిలబెట్టి, వారం రోజులు నీళ్లు పెట్టి, అప్పటిదాకా ఎవరినీ ముట్టుకోనివ్వకండి. ఎత్తు మీ చేయి చాచితే అందే దానికన్నా అరడుగు ఎక్కువ ఉంచండి, కాళ్లు మడవకుండా నిటారుగా వేలాడగలుగుతారు. స్తంభాలకు తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూత వేయించండి. చేతులు పట్టుకునే చోట మాత్రం రంగు వేయవద్దు, చెమటకు జారుతుంది.